బానెట్ మీది ఊర్వశి

ఎనభైల చివర మా ఆయన మస్కట్ నుంచి వాపస్ వచ్చి ట్రాక్టర్ కొన్నడు. పేరు రాపిచ్చుకొస్తనని ఆర్మూర్‌ల పెయింటర్ దగ్గరికి పోయిండు. దేవుని పేరో, మా అత్త పేరో రాపిస్తడనుకున్న. నా పేరేమో అని లోపల్లోపల జర ఆశ గూడ ఉండె. సాయంత్రం వాకిట్ల ట్రాక్టర్ ఆగంగనే మంగళారతి పట్టుకొని ఉరికిన. బానెట్ మీద ఎర్రటి పూల నడుమ పెద్ద పెద్ద అక్షరాలు: ఊర్వశి.

"ఎవ్వతె గామె?" అన్న.

"ఇంద్రుని సభల ఆడుతది గద, గామె. మన బండి గూడ దుక్కిల గట్ల ఆడాలె."

"మస్కట్‌ల చూసినవా గా ఆట?"

మా ఆయన నవ్విండు. గా నవ్వుకు నాకు కడుపు మండింది. హారతి పళ్ళెం మా అత్త చేతుల పెట్టి లోపలికి పోయిన.

నాకు జరమొస్తే మా మరిదిని తోడిచ్చి దవాఖానకు పంపిండు. గా ఊర్వశి టైరు పంక్చరైతే తానే ఉరికిండు. పొద్దున లేస్తనే తడిబట్టతోని గా అక్షరాలు తుడుస్తుండె. ఒకనాడు పసుపు ఉడకబెట్టే పొయ్యి కాడి మసి తెచ్చి పేరు మీద మెత్తిన. సబ్బు పెట్టి మళ్ళ మెరిసేటట్టు కడిగిండు. తిట్టినా బాగుండు.

ఆ ఎండకాలం పసుపు బస్తాలేసుకొని ఇద్దరం మార్కెట్ యార్డుకు పోయినం. "ఊర్వశక్క వచ్చింది, జర తొవ్వియ్యుండ్రి!" అని హమాలీ ఒకాయన ఒర్లిండు. ఎవ్వతె వచ్చిందోనని ఎనుకకు చూసిన. ఎవ్వరు లేరు.

"నిన్నేనక్కా," అన్నడు.

ఒళ్ళు మండింది. కని కిరాణం సేటు, గాజులామె, బాల్కొండ బస్సు కండక్టరు, అందరు గట్లనే పిలువబట్టిరి. నా అసలు పేరు మా అవ్వగారింట్లనే మిగిలింది. పోను పోను, పెండ్లిళ్ళల్ల మంచి చీర గట్టుకొని పోయినప్పుడు ఎవరన్న "ఊర్వశక్కా" అంటే, ఇంకోపారి పిలువనీ అని జర మెల్లగ తిరిగేదాన్ని.

తొంభైలల్ల బండి పాతదైంది, రిపేర్లు ఎక్కువైనయ్. జక్రాన్‌పల్లి ఆసామికి అమ్మినం. మరుసటేడు యార్డుల మళ్ళ గదే పిలుపు, "ఊర్వశక్కా, గిటు రా!" తిరిగిన. హమాలీ నా దిక్కు చూస్తలేడు. మా ట్రాక్టర్ మీద గా ఆసామి పెండ్లాం కూసున్నది, నా కంటే చిన్నది, ముక్కుపుల్ల మెరుస్తున్నది. "ఆఁ, వస్తున్న," అనుకుంట దిగింది, పుట్టినప్పటి నుంచి అదే పేరన్నట్టు.

"అమ్మేముందు పేరు చెరిపియ్యొద్దా?" అని పక్కనున్న మా ఆయన మీద ఎగిరిన.

"ఎవ్వరి పేరు?" అన్నడు, నిజంగనే తెల్వక.

ఇంటికొచ్చేదాక బస్సుల కిటికీ దిక్కే చూసుకుంట కూసున్న.