నిలువెత్తు బంగారం, ఒక కుర్చీ

మా అమ్మ నన్ను అడక్కుండానే నా బరువుకు సరితూగే బంగారం ఒప్పుకుంది. ఒప్పుకున్నది సమ్మక్క తల్లితో. సూరత్ గోడాదరాలో మా రెండు గదుల ఇంట్లో చీరలకు మెరుపు టిక్కీలు అంటిస్తూ అంటిస్తూ, నేను బార్ పరీక్ష పాసైతే నిలువెత్తు బంగారం ఇస్తానని ఆ జిగురు చేతులతోనే దండం పెట్టి మొక్కేసింది.

కంగారు పడకండి. మేడారం జాతర ఎరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు, ఎరగనివాళ్ళకు చెబుతున్నాను. సమ్మక్క దగ్గర బంగారం అంటే బెల్లం. అక్కడ బెల్లాన్ని బెల్లం అంటే పెద్దవాళ్ళు కసురుతారు. మనిషిని తూచి, అంత బరువు బెల్లం గద్దె దగ్గర సమర్పిస్తే అదే నిలువెత్తు బంగారం. మరమగ్గాల పనికని సూరత్ వచ్చి ఇక్కడే పాతుకుపోయిన మావాళ్ళు చాలా మాటలు దారిలో పారేసుకున్నారు కానీ, ఈ మాటను మాత్రం మూటగట్టి తెచ్చుకున్నారు.

నాకప్పుడు కాంట్రాక్టు చట్టం కొత్తగా తలకెక్కింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఎవరు ఏం మాట్లాడినా అందులో ప్రతిపాదన ఎక్కడుంది, అంగీకారం ఎక్కడుంది అని వెతికేదాన్ని. అమ్మ మొక్కును వదులుతానా?

"అమ్మా, ఇది ఒప్పందమే కాదు. ఇస్తనని నువ్వన్నవ్, మంచిదే. ఆమె సరే అన్నదా? ఊకున్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు."

"కళ్ళు పోతయి. తల్లితోని సెక్షన్లు మాట్లాడకు," అంది అమ్మ.

మగ్గం షిఫ్టు దిగి వచ్చి, చొక్కాకు అంటుకున్న దారప్పోగులు దులుపుకుంటున్న బాపుకు అసలు అనుమానం వేరే. సెక్షన్ల పుస్తకం పక్కన పెట్టుకొని రాయనిచ్చే పరీక్ష అని నేనే నోరు జారి చెప్పాను. "చూసి రాసుడుకు గూడ మొక్కెందుకే?" అన్నాడు.

"ఏడ చూడాల్నో తెల్వాలె గదా," అంది అమ్మ. ఆ మాటకు నాకు రోషం వచ్చింది. నిజమే కనక ఇంకా ఎక్కువ వచ్చింది.

పరీక్ష దగ్గరపడేకొద్దీ అమ్మకు రెండు బెంగలు పట్టుకున్నాయి. బిడ్డ ఫెయిలవుతుందేమోనని ఒకటి, లావవుతుందేమోనని ఒకటి. చదువుకు బలం కావాలని రొట్టె మీద నెయ్యి వేసేది. వేశాక నా వైపు ఎగాదిగా చూసి, రెండో రొట్టె బాపు కంచంలోకి జరిపేది.

నేను జూనియర్‌గా చేరిన ఆఫీసు కోర్టుకు దగ్గర్లో ఉంటుంది. మా సీనియర్ గుజరాతీ ఆయన, ఇల్లు ఆల్థాన్ పేటలో. అందరూ సాహెబ్ అంటారు, నేనూ అదే అనేదాన్ని. పొద్దున కోర్టుకు బయల్దేరే ముందు టీ తాగుతూ మమ్మల్ని ప్రశ్నలతో చంపేవారు. కాలేజీలో నాకు చట్టం చెప్పారు, వకాలతు మాత్రం ఆ టీ దగ్గరే నేర్చుకున్నాను.

"దుకాణం అద్దంలో బొమ్మకు కట్టిన చీర ఉంది. దాని మీద ధర చీటీ ఉంది. నువ్వు లోపలికెళ్ళి అంత డబ్బూ బల్ల మీద పెట్టావు. సేటు అమ్మనన్నాడు. అమ్మి తీరాలా?"

"అమ్మి తీరాలి," అన్నాను ఆవేశంగా.

"ఏ సెక్షన్ కింద?"

"మా అమ్మయితే ఊరుకోదు సాహెబ్."

ఆయన టీ పొలమారేలా నవ్వి, ఆ తర్వాత తీరిగ్గా చెప్పారు. ధర చీటీ ప్రతిపాదన కాదట, రండి బేరమాడండి అని పిలవడం మాత్రమేనట. కొంటానని ముందుకొచ్చిన మనదే ప్రతిపాదన, ఒప్పుకోవాలో వద్దో సేటు ఇష్టం. ఆ రోజు నుంచి నేను రింగ్ రోడ్డు చీరల బజారులో ఏ బొమ్మ ముందు నుంచి నడిచినా అది నన్ను మోసం చేసినట్టే అనిపించేది.

ఆ ఆఫీసులో నాకున్న బాధ ఒక్కటే, కుర్చీ. లోపలి గదిలో సాహెబ్‌కు, క్లయింట్లకు, నాకన్నా ముందు చేరిన ఇద్దరు జూనియర్లకు కుర్చీలుండేవి. నేను ఫైళ్ళు పట్టుకొని బీరువా పక్కన నిలబడేదాన్ని. కూర్చోవాలంటే బయట జిరాక్స్ మిషన్ పక్కన స్టూలు ఉంది. కూర్చున్నవాళ్ళను సాహెబ్ "నువ్వేమంటావు?" అని అడుగుతారు. నిలబడ్డవాళ్ళను మాత్రం, కథ సరిగ్గా రసపట్టులో పడ్డప్పుడు, "బేటా, జర జిరాక్స్" అని బయటికి పంపిస్తారు. నిలబడే ఉంటే ఏళ్ళకేళ్ళు ఫైళ్ళు మోస్తూనే ఉంటానని నాకు భయంగా ఉండేది. ఆ కుర్చీ మీద నాకున్నంత ఆశ ఏ నగ మీదా లేదు.

ఒకరోజు ధైర్యం చేసి అడిగేశాను. సాహెబ్ కళ్ళజోడు మీది నుంచి చూసి, "ముందు పరీక్ష పాసై చూపించు, లోపల కుర్చీ నీదే," అన్నారు. ఆఫీసు గుమస్తా, ముసలి మున్షీ అక్కడే ఉన్నాడు, విన్నాడు. నేను మరునాడే గోడాదరాలో పిల్లలకు చెప్పే సాయంత్రం ట్యూషన్లు మానేసి చదువుకు కూర్చున్నాను.

ఆ రోజుల్లోనే ఒకసారి టిఫిన్ డబ్బా మరిచిపోయి వస్తే అమ్మ బస్సెక్కి తెచ్చి ఇచ్చింది. నేను బయట జిరాక్స్ తీస్తున్నాను. అమ్మ నన్ను చూడకుండా తిన్నగా సాహెబ్ గదిలోకి వెళ్ళింది. ఆయన మర్యాదగా, అమ్మాయి బాగా చదువుతోందా అని అడిగారట. పాసైతే బిడ్డ బరువంత బంగారం ఎక్కిస్తామని అమ్మ తన గోడాదరా హిందీలో అసలు సంగతి చెప్పిందట.

"సాబ్, బేటీ పాస్ హోయీ తో ఉస్‌కే వజన్ కా సోనా చఢాయేంగే."

"పూరా వజన్?" అన్నారట సాహెబ్.

"పూరా, సాబ్," అని అమ్మ తన తల మీది నుంచి పాదాల దాకా చేయి దించి మరీ చూపించిందట.

ఇదేమీ నాకప్పుడు తెలియదు. మరుసటి వారం వచ్చేసరికి లోపలి గదిలో బీరువా పక్కన ఒక కుర్చీ వేసి ఉంది. "కూర్చో బేటా," అన్నారు సాహెబ్. అంతకు రెండు రోజుల ముందే ఒక నోటీసుకు చక్కటి జవాబు రాసిచ్చాను కనక, నా తెలివికి దక్కిన గౌరవమే అనుకున్నాను. గాజు గ్లాసులో టీ వచ్చింది. మున్షీ నన్ను "ఏ ఛోకరీ" అనడం మానేసి, మర్యాదగా అక్కా అన్నట్టు "బెన్" అన్నాడు. నేనేదో రాణిలా నడుము నిటారుగా పెట్టి కూర్చున్నాను.

ఒక మధ్యాహ్నం మున్షీ నా పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. "బెన్, అంతా బిస్కెట్లుగా ఇస్తారా, నగలుగానా?"

రెండు మూడు ప్రశ్నలు తిప్పి తిప్పి అడిగితే కథంతా బయటపడింది. సూరత్‌లో డబ్బు చూపించేవాడికన్నా దాచేవాడికే గౌరవం ఎక్కువ. వరాఛాలో వజ్రాల సేటు కూడా మడిచిన కాగితంలో రాళ్ళు పెట్టి జేబులో వేసుకొని పాత స్కూటర్ మీదే తిరుగుతాడు. మమ్మల్నీ ఆ కోవలో చేర్చేశారు. మగ్గం నడిపేవాడి ఇంట్లో మనిషెత్తు బంగారం ఉందంటే, పైకి మగ్గం, లోపల ఇంకేదో అనుకున్నారు.

నాకు నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. నా తెలివికి అనుకున్న కుర్చీ బెల్లానికి వచ్చింది! ఇప్పుడు నిజం చెబితే మళ్ళీ బీరువా పక్కకు పోవాలి. అప్పుడు పదిహేడో సెక్షన్ గుర్తొచ్చింది. నోరు విప్పి తీరాల్సిన బాధ్యత లేనప్పుడు, కేవలం మౌనంగా ఉండటం మోసం కాదు. ఇంత మంచి చట్టం రాసిన మహానుభావుడెవరో కానీ ఆయనకు మనసులోనే దండం పెట్టుకొని, మున్షీతో, "అమ్మ ఇష్టం," అన్నాను. అది అబద్ధం కూడా కాదు.

పరీక్ష పాసయ్యాను. అదే ఏడాది జాతర కూడా పడింది. కిరాణా దుకాణం ముందు బస్తాలు తూచే కాంటా మీద నన్ను నిలబెట్టారు. గల్లీ అంతా కూడింది. నేను చెప్పులు విడిచి, చున్నీ తీసి అమ్మకిచ్చి, ఊపిరి కూడా బిగబట్టాను. బాపు మాత్రం చట్టం పుస్తకం తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. "చూసి రాసింది గిదే గదా, గిది గూడ తూగాలె."

"నీకేంది, మేడారం దాక మోసేది నేను," అని అమ్మ ఆ పుస్తకాన్ని లాగేసుకుంది.

అంత బెల్లమూ పసుపు బొట్లు పెట్టుకొని మా మంచం కింద చేరింది. పంచడానికని విడిగా తెచ్చినది కొంత ఉంది. అందులోంచి ఒక ముద్దను పళ్ళెంలో పెట్టుకొని అమ్మ ఎవరికీ చెప్పాపెట్టకుండా మా ఆఫీసుకు వచ్చేసింది.

"సాబ్, సోనా," అని బల్ల మీద పెట్టింది.

గదిలో సాహెబ్, మున్షీ, నేను. మున్షీ పళ్ళెంలోకి వంగి చూశాడు. "ఆ తో గోళ్ ఛే," అన్నాడు. గోళ్ అంటే గుజరాతీలో బెల్లం.

దాచి లాభం లేదని సమ్మక్క నుంచి కాంటా దాకా మొత్తం చెప్పాను. సాహెబ్ ముఖంలో ఏమీ తెలియలేదు. బెల్లం అంచు విరిచి నోట్లో వేసుకొని, కోర్టులో ఎదుటి పక్షాన్ని చూసినట్టు నన్ను చూశారు.

"నేను బంగారం అనుకొని కుర్చీ ఇచ్చాను. అది బెల్లం. ఇద్దరూ ఒకే వస్తువును ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే సమ్మతి. పదమూడో సెక్షన్. కుర్చీ వాపసు."

ఆయన వేళాకోళమాడుతున్నారో నిజంగానే అంటున్నారో నాకు అంతుపట్టలేదు. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాను.

"సాహెబ్, మన ఒప్పందంలో బంగారం మాటే లేదు. పాసై చూపించు, కుర్చీ నీదే అన్నారు. పాసై చూపించాను. బంగారం మీ మనసులో మీరు అనుకున్నది. ఒక్కరు పొరబడినంత మాత్రాన ఒప్పందం చెడదు. ఇరవై రెండు."

"నాకేం ముట్టింది? నువ్వు పాసైతే లాభం నీకు. ప్రతిఫలం లేని మాట చెల్లదు."

"చూపించు అని అడిగింది మీరే. మీరు కోరారని నేను ట్యూషన్లు మానుకున్నాను. అడిగినవాళ్ళ కోరిక మీద అవతలివాళ్ళు ఏది చేసినా, ఏది మానుకున్నా అదే ప్రతిఫలం. మీరే చెప్పారు, టీ తాగుతూ."

"నేను సరదాకు అన్నాను. సరదా మాటతో ఒప్పందం కుదరదు."

దీనికి నా దగ్గర సెక్షన్ లేదు. కుర్చీ పోయినట్టేనని నిజంగా అనుకున్నాను. అప్పుడు సాహెబ్ దవడ కదలడం కనిపించింది. ఇంకా బెల్లం చప్పరిస్తూనే ఉన్నారు.

"సాహెబ్, మీలో సంబంధం ఖాయమైతే ఏం తింటారు?"

"గోళ్-ధాణా," అన్నారు ఆయన, ఆలోచించకుండానే. బెల్లం, ధనియాలు. అవి తిన్నాక గుజరాతీ ఇళ్ళలో మాట వెనక్కి పోదు.

"మరి మీరిప్పుడు నోట్లో వేసుకున్నదేమిటి?"

ముందుగా నవ్వింది మున్షీ. అన్నాళ్ళలో అతను సాహెబ్ ముందు పళ్ళు బయటపెట్టడం నేను చూడలేదు. సాహెబ్ బెల్లం మింగుదామా, ఉమ్ముదామా అన్నట్టు బుగ్గన నొక్కి పెట్టుకొని, "ధనియాలేవీ?" అన్నారు.

"ధనియాలు మా ఇంట్లో ఉన్నాయి, సాయంత్రం తెస్తాను," అన్నాడు మున్షీ, సాక్షి కాస్తా కక్షిదారుడైపోయి.

సాహెబ్ చేతులెత్తేశారు. "కుర్చీ నీదే బేటా. కానీ ఒకటి గుర్తుపెట్టుకో. కేసు గెలవగానే పక్కకు చూడాలి."

పక్కకు చూశాను. బీరువా పక్కన, నేను అన్నాళ్ళూ ఫైళ్ళు పట్టుకొని నిలబడ్డ చోటే, అమ్మ ఖాళీ చేతులు కట్టుకొని నిలబడి ఉంది. వచ్చినప్పటి నుంచీ నిలబడే ఉంది. ఒక్క ముక్కా అర్థం కాకపోయినా, బిడ్డ వాదిస్తోందని మాత్రం తెలిసి, ఊపిరి బిగబట్టి చూస్తోంది. నేనేమో కుర్చీ చేతులు వదలకుండా సెక్షన్లు చదువుతున్నాను. నాకు సిగ్గుతో ముఖం మండిపోయింది. గబగబా లేచి అమ్మను రెక్క పట్టుకొని తెచ్చి నా కుర్చీలో కూర్చోబెట్టాను.

అమ్మ కూర్చుంది. ఒకసారి అటు, ఒకసారి ఇటు ఒరిగి చూసింది. కుర్చీ ఒక కాలు పొట్టిది, టక్కుమంది. అమ్మ నా ముఖంలోకి చూసింది.

"ఏందే, గీ కుంటి కుర్చీకా నిలువెత్తు బంగారం?"

"మాతాజీ ఏమన్నారు?" అని సాహెబ్ ఆత్రంగా అడిగారు.

నేనేమీ అనలేదు. కేవలం మౌనంగా ఉండటం మోసం కాదు.