ఒక బూటుతో గెలిచిన ఊరు

మా పెదనాన్న పోయారు. పోయిన ఆదివారం పొద్దున్నే టీ గ్లాసు పక్కన పెట్టి, అరుగు మీదే ఒరిగిపోయారట. "వెళ్ళిపోయాడక్కా. ఏ బాధా పడలేదు" అని తమ్ముడు ఫోన్లో చెప్పాడు. యానాం దగ్గర గోదావరి పాయ ఒడ్డున ఉన్న మా పల్లెలో ఆ రోజు ఒక్క పడవా వేటకు వెళ్ళలేదు.

మాది చేపలు పట్టే కుటుంబం. తుఫానులో తాతయ్య పడవ పోవడంతో పెదనాన్న చిన్న వయసులోనే సైన్యంలో చేరారు. డెబ్భై ఒకటిలో బంగ్లాదేశ్ యుద్ధానికి వెళ్ళారు. అక్కడ నది ఒడ్డున ఓ చిన్న ఊరి కోసం జరిగిన పోరు గురించి ఆయన వల బాగుచేసుకుంటూ చెప్పేవారు. ఆ ఊరి పేరు మావాళ్ళెవరికీ నోరు తిరగదు. తనతో పడవెక్కి తిరిగి రాని ఇద్దరు స్నేహితుల పేర్లు తలుచుకున్నాకే కథ మొదలుపెట్టేవారు.

శత్రువులు వంతెన పేల్చేసి, అవతలి ఒడ్డున జనపనార గోదాములో మాటు వేశారు. ఊరి జనం ఇంకా ఇళ్ళలోనే ఉన్నారు. ఫిరంగులు పేలిస్తే వాళ్ళూ పోతారు. అందుకని మనవాళ్ళు పొగమంచు ఉండగానే నాటు పడవల మీద దాటి, గోదాము వెనక నుంచి వెళ్ళాలనుకున్నారు. పెదనాన్న ఎక్కిన మొదటి పడవను నడిపింది ఆ ఊరి ముసలాయనే. నది మధ్యకి వచ్చేసరికి మంచు విడిపోయింది. కాల్పులు మొదలయ్యాయి. ముసలాయన భుజానికి తూటా తగిలి తెడ్డు వదిలేశాడు. పడవ అడ్డం తిరిగింది.

"భయమెయ్యలేదా పెదనాన్నా?" అని అడిగేదాన్ని.

"ఎందుకెయ్యలేదే! కానీ పడవ అడ్డం తిరిగితే చూస్తూ కూర్చోడం మనకి చాతకాదు కదమ్మా."

తుపాకీ పక్కవాడికిచ్చి తెడ్డు అందుకున్నారు. ముసలాయన పడుకునే చేత్తో దారి చూపించాడు. ఒకరి భాష ఒకరికి రాదు, ఆ చెయ్యే చాలింది. రెల్లు చాటున ఉన్న కాలువలోకి పడవని దూర్చారు. మిగతా పడవలూ వెనకే వచ్చాయి. బురదలోకి దూకగానే ఒక బూటు కూరుకుపోయింది. వెతుక్కునే తీరికెక్కడిది! ఒంటి బూటుతోనే పరిగెత్తారు. వెనక నుంచి మీద పడేసరికి గోదాములో వాళ్ళు చేతులెత్తేశారు.

"ఊరు మనదైంది. అయినా ఒక్క తలుపు తీస్తే ఒట్టు! ముసలాయన్ని వీపునేసుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటే, ఆయన వీధి పొడుగునా 'జై బంగ్లా' అని కేకేస్తా వచ్చాడు. ముందు ఒకావిడ తీసింది. ఆ తర్వాత ఒకటే తలుపుల చప్పుడమ్మా!"

ఆ మొదటి తలుపు తీసినావిడ చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన బురద కాలు కడిగిందట. తూటాల గురించి గలగలా చెప్పే మనిషి అక్కడికొచ్చేసరికి వల పక్కన పెట్టి తన కాలు వంక చూసుకునేవారు. ముసలాయన బతికాడు. "తలుపులు తెరుచుకుంటేనే ఊరు గెలిచినట్టు" అనేవారు పెదనాన్న.

నేను టీచర్ని. ఓ ఆగస్టు పదిహేనున ఆయన్ని మా బడికి తీసుకెళ్ళాను. కథంతా విని పదో తరగతి అమ్మాయి లేచి, "తాతగారూ, ఇది మా పుస్తకంలో లేదండి" అంది. నాకు మనసు చివుక్కుమంది. ఆయన మాత్రం పడవ మీంచి పడవకి పిలిచే ఆ గొంతుతో నవ్వేశారు.

"పుస్తకంలో లేకపోతే ఏంటమ్మా, ఆ ఊరుందిగా!"

పిల్లల చప్పట్లు ఆగలేదు.

పోయిన చలికాలంలో ఆ ఊరి వీడియో ఒకటి ఫోన్లో దొరికితే చూపించాను. రేవు నిండా పడవలు, బజారు నిండా సైకిళ్ళు, బేరాలు, అరుపులు, బడికి పోతున్న ఆడపిల్లలు. "ఎంత జనమే! ఎంత జనం!" అంటూ అరుగు మీంచి లేచి నిలబడ్డారు. నది అవతల ఉన్నవాళ్ళని పిలిచినట్టు చెయ్యి పైకెత్తి, వాళ్ళకి వినబడాలన్నట్టు ఫోన్లోకి గట్టిగా అరిచారు:

"జై బంగ్లా!"