టెంక తలల బొమ్మలు

ఆ రోజుల్లో కుట్టు నేర్చుకున్న ఆడపిల్లకి తను కుట్టలేనిది ఈ లోకంలో ఏదీ లేదనిపించేది. మా నాన్నగారిది నూజివీడు బజారులో మామిడికాయల కొట్టు. స్కూలు చదువయ్యాక నేను ఆర్నెల్లు కుట్టు నేర్చుకుని (రెండు లంగాలు, చేతుల్లేని ఒక జాకెట్టు నా మొత్తం సృష్టి, ఆ జాకెట్టుకి నిజానికి చేతులుండాలి, నాకు కుదర్లేదు) ఆగిరిపల్లి దగ్గర ఒక ఊళ్ళో బాలవాడి టీచరుగా చేరాను. ఊళ్ళోనే ఉన్న మా మేనత్త ఇంట్లో మకాం. నాకప్పుడు ఇరవై ఏళ్ళు నిండలేదు. నన్ను 'టీచరమ్మగారూ' అని పిలిస్తే ఎవర్ని పిలుస్తున్నారా అని వెనక్కి తిరిగి చూసేదాన్ని.

బాలవాడి అంటే మామిడితోట చివర ఒక పాత పెంకుటిల్లు. ఒకప్పుడు అందులో కాయలు మగ్గబెట్టేవారట. ఎన్నిసార్లు కడిగినా గోడల్లోంచి ముగ్గిన పండు వాసన, తడి గడ్డి వాసన కలిసి వస్తూనే ఉండేవి. వేసవిలో కోతల సందడితో ఊగిపోయే తోట, కాయలు దిగిపోయాక ఒక్కసారిగా మూగబోయేది. వానాకాలం మబ్బు పట్టిందంటే మధ్యాహ్నమే గదిలో చీకటి. చెట్ల కింద ఎవరో నిలబడి మన వంకే చూస్తున్నట్టుండేది. తీరా చూస్తే ఎవరూ ఉండరు. పిల్లలున్నంతసేపూ ఫరవాలేదు. వాళ్ళు ఇళ్ళకి వెళ్ళాక మాత్రం నేను గట్టిగా ఎక్కాలు చదువుకుంటూ రిజిస్టరు రాసేదాన్ని.

ఆ పిల్లలంతా తోట కూలీల బిడ్డలు. ఒకరోజు వాళ్ళలో అందరికంటే చిన్నది, మేం చిట్టిగువ్వ అని పిలిచే నాలుగేళ్ళ పిల్ల, ఇటుక ముక్కకి గుడ్డ చుట్టి జోకొట్టడం చూశాను. ఇక నా కుట్టు విద్య ఊరుకోలేదు. "పంద్రాగస్టు పండక్కి మీ అందరికీ తలో బొమ్మ కుట్టి ఇస్తాను" అని పిల్లలకీ, వాళ్ళని తీసుకెళ్ళడానికొచ్చిన తల్లులకీ చాటింపు వేసేశాను.

ఇంటింటికీ తిరిగి పాతగుడ్డలు పోగుచేశాను. ఒంట్లోకి బూరుగుదూది సరిపోయింది గానీ తలలకి చాల్లేదు. బాలవాడి వెనక రసాల టెంకలు గుట్టగా ఎండి ఉన్నాయి. పీచుతో సహా! నాకు తట్టిన ఉపాయానికి నేనే మురిసిపోయాను. ముందువైపు తెల్లగుడ్డ కుట్టి కళ్ళు, నోరు అల్లితే మొహం; వెనక పీచుకి నల్లరంగు పూస్తే జుట్టు. కాకపోతే రెండు కళ్ళూ సమానంగా కుట్టడం నాకు రాలేదు. ఏ బొమ్మ చూసినా ఒక కన్ను పెద్దది చేసి మనల్ని ఏదో అడగబోతున్నట్టుండేది. ఎలుకలు కొడతాయని అన్నిటినీ మెడకి దారం కట్టి దండేనికి వేలాడదీశాను. (ఇప్పుడు చెబుతుంటే నాకే ఒళ్ళు జలదరిస్తోంది. అప్పుడు మాత్రం ఎంత ముద్దుగా ఉన్నాయో అనుకున్నాను.)

పండగ ఇంకో వారముందనగా, వాన పడుతున్న మధ్యాహ్నం, పిల్లలు వెళ్ళిపోయాక వినబడింది. గోటితో చెక్క మీద గీరినట్టు. నేను తలెత్తగానే ఆగింది. తల దించితే మళ్ళీ మొదలు. గాలి లేదు, కిటికీ మూసే ఉంది. దండెం మీద ఒక బొమ్మ మాత్రం మెల్లగా ఇటు తిరిగింది. పెద్ద కన్ను నావైపు పెట్టింది.

నేను ఆయమ్మని పిలిచాను. పిల్లలకి గంజి కాచే పెద్దావిడ. ఆవిడ వచ్చి చెవి ఒగ్గి విన్నది.

"టీచరమ్మగారూ, ఆ ఆకుపచ్చ గౌను బొమ్మ చూశారా? ఆ గుడ్డ మా పెద్దమ్మ చీరండీ. పోయినేడు పోయింది. బతికున్నన్నాళ్ళూ ఇలాగే గొణుగుతా ఉండేది."

"ఊరుకో ఆయమ్మా, బొమ్మలు గొణుగుతాయా ఎక్కడైనా?" అన్నాను.

మర్నాటికి చప్పుడు రెండు బొమ్మల్లోంచి, ఆ మర్నాడు వరసంతా. పండగ ముందురోజుకి తల్లులు గడప దాటడం మానేసి చెట్టు కిందే ఆగిపోయారు. "ఆటిని తగలబెట్టండమ్మా. లేదంటే రేపు మా పిల్లల్ని పంపం" అందొకావిడ. పిల్లలేమో కిటికీ దగ్గర గుంపుగా చేరి లోపలికి చెవులు ఒగ్గి కూచున్నారు. వాళ్ళకి భయమే లేదు. ఆ మొహాలు చూశాక తగలబెట్టడానికి మనసొప్పలేదు. కత్తెర తీసుకుని ఒక్కదాన్నే లోపలికి వెళ్ళాను.

"తల కొయ్యకండమ్మా, పాపం చుట్టుకుంటది!" ఆయమ్మ బయటినుంచి కేకేసింది.

ఆకుపచ్చ గౌనునే దింపాను. చెంప దగ్గర కుట్టుకి కత్తెర ఆనించానో లేదో, కంటి కింద గుడ్డ లోపలినుంచి ఉబికింది. కదిలింది. మళ్ళీ అణిగింది. కళ్ళు మూసుకుని కత్తిరించాను. టెంకకి గుండ్రని కన్నం. అందులోంచి పొడుగు ముక్కున్న నల్లపురుగు ఒకటి తీరిగ్గా నా అరచేతిలోకి దిగింది.

నేను వేసిన కేకకి చెట్టు కింద తల్లులంతా పరుగు. అది పురుగేనని తెలిశాక వెనక్కొచ్చి పొట్ట పట్టుకుని నవ్వింది కూడా వాళ్ళే. మా మేనత్త తన దిండు చింపి దూదిచ్చింది. పొద్దుగూకేలోపు అందరం కూచుని టెంకలు తీసేసి దూది కూరాం. ఒక్క బొమ్మని మాత్రం కొయ్యలేదు. అది మొదటినుంచీ కిక్కురుమనలేదు, టెంకకి కన్నం కూడా లేదు. బాగానే ఉంది కదా అని ఊరుకున్నాను.

మర్నాడు జెండా ఎగరేసి బొమ్మలు పంచాను. పిల్లలు మొదట చేసిన పని వాటిని చెవికి ఆనించుకోవడం. ఆ తర్వాత నావైపు చూశారు. "ఇయ్యి మాట్టాడట్లేదేంటి టీచరమ్మా?" అని ఒకడు ఏడుపందుకున్నాడు. చిట్టిగువ్వ తన బొమ్మని నా చేతిలో పెట్టేసి, బుట్ట అడుగున మిగిలిన, కొయ్యకుండా వదిలేసిన ఆ బొమ్మని ఏరుకుంది. చెవి దగ్గర పెట్టుకుంది. తలూపింది. ఫక్కున నవ్వింది.

"ఏమంటోందే?" అన్నాను.

"టీచరమ్మకి చెప్పొద్దంటంది."

బతిమాలి తీసుకుని నేనూ చెవికి ఆనించాను. ఏమీ లేదు. పిల్లకి వినబడింది టెంకలో ఆలస్యంగా లేచిన పురుగే అయి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. ఇప్పటికీ అదే చెప్పుకుంటాను. కానీ ఆ పిల్ల ఆ బొమ్మతో ఏడాదంతా కబుర్లు చెప్పింది. మధ్యమధ్యలో జవాబు కోసం ఆగేది కూడా.

ఇప్పుడు నా చెవులకి కుక్కరు కూతే సరిగా వినబడదు. అయినా ఆ ఉదయం కళ్ళకి కట్టినట్టే ఉంది. జెండా కింద, ఊరంతా చూస్తుండగా, పిన్నీసులతో పైట గట్టిగా బిగించుకుని, ఒక కన్ను పెద్దదైన బొమ్మని చెవికి అదుముకుని నిలబడ్డ ఇరవై నిండని ఆ టీచరమ్మని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఎంత శ్రద్ధగా విన్నదో, పాపం!