పదిహేను రోజులు ముందొచ్చిన కార్తీకం

ఈ రోజు కార్తీక పాడ్యమి. దీపం ఏ నిమిషానికి పెట్టాలో ఫోనే మోగి చెప్పింది. పెట్టాను, ఫొటో తీశాను, మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళ గ్రూపులో పంపబోతుంటే పాప బడి గ్రూపులో దీపావళి సెలవులయ్యాక జరిగే పరీక్ష గురించి ఎవరో ఏదో అడిగారు, మా పాప చదవనిది ఏదైనా మిగిలిపోయిందేమోనన్న కంగారులో అది చదువుతూ ఉండిపోయాను. పక్కన చేతులు జోడించుకుని కూర్చున్న ఆరేళ్ళ పాప కాసేపు ఓపిక పట్టి, "మమ్మీ, దండం ఇప్పుడే పెట్టాలా, ఫొటో సెండ్ అయ్యాక పెట్టాలా?" అంది. తలెత్తి చూస్తే బాల్కనీ గాలికి దీపం ఆరిపోయి ఉంది. అది ఆరడం పాప చూసిందట, నేను పనిలో ఉన్నానని చెప్పలేదట.

పాపను నిద్రపుచ్చి ఇది రాస్తున్నాను. నామీద నాకే ఇంత చిరాకు ఎప్పుడూ పుట్టలేదు. నా ఈడువాళ్ళలో చాలామందికి ఇది తెలిసే ఉంటుంది, మన అమ్మలు ఏ వయసులో నెమ్మదించారో ఆ వయసుకు మనం వచ్చాం, నెమ్మది మాత్రం రాలేదు.

మా అమ్మ కూడా మొదటినుంచీ నెమ్మదస్తురాలేమీ కాదు. ఛత్తీస్‌గఢ్ కొత్తగా ఏర్పడిన రోజుల్లో నాన్నకు ఇక్కడ ఇనుము వ్యాపారుల ఆఫీసులో ఉద్యోగం దొరికి, శ్రీకాకుళం నుంచి వచ్చి దేవేంద్ర నగర్‌లో చిన్న అద్దె వాటాలో దిగాం. అమ్మకు అప్పుడు ముప్ఫై ఎనిమిది, సరిగ్గా ఇప్పటి నా వయసు. హిందీ రాదు, కూరగాయల బండివాడితో వేళ్ళు చూపించి బేరమాడాల్సి వచ్చేది, ఆ ఉక్రోషమంతా ఇంటికొచ్చి గిన్నెలమీద, నాన్నమీద, నామీద చూపించేది.

బడిలో హిందీ నేర్చుకుని ఇంట్లో పండితురాలినైపోయింది నేనే. కిరాణా కొట్టువాడిచ్చిన హిందీ క్యాలెండర్ వంటింట్లో వేలాడేది, అమ్మకు తిథులు చదివిపెట్టేదాన్ని. ఒక రోజు కార్తీకం మొదలైందని గర్వంగా ప్రకటించాను. ఇక్కడివాళ్ళకు నెల పున్నమి మర్నాడు మొదలవుతుందనీ, మనకు అమావాస్య మర్నాడనీ, కాబట్టి మన కార్తీకం రావడానికి దీపావళి దాటాలనీ పదమూడేళ్ళ నాకేం తెలుసు? ఇల్లు మారిన గాభరాలో అమ్మకూ తోచలేదు. మర్నాటి నుంచే తెల్లవారకముందు చన్నీళ్ళ స్నానం, పెరటి గోడ దగ్గర దీపం, ఒంటిపూట భోజనం మొదలుపెట్టేసింది. గోడకు అవతల అభన్‌పూర్ నుంచి వచ్చి కాపురముంటున్న కాకీ, అంటే నేను పిన్ని వరస కలుపుకున్నావిడ, కూడా అదే వేళకు దీపం పెట్టేది. ఒకరి భాష ఒకరికి రాదు, నవ్వుకునేవారు.

పదో రోజున ఒక తెలుగువాళ్ళింట్లో శుక్రవారం పూజకు వెళ్ళి, కార్తీకమని ఒంటిపూట ఉంటున్నానంటూ అమ్మ ఫలహారం వద్దంది. ఆడవాళ్ళంతా ఘొల్లుమన్నారు. "అప్పుడే కార్తీకమేటమ్మా, ఇంకా దీపావళి మతాబులే కొన్లేదు! వచ్చి ఏడాదవలేదు, పూరా ఇక్కడిదానివైపోయావే!" అంది ఒకావిడ. అక్కడ అమ్మ కూడా నవ్వేసింది. ఇంటికొచ్చాక క్యాలెండర్ పీకి కిందకు విసిరేసి, "నీ హిందీ సదువు సల్లగుండ! నలుగురిలో నా పరువు తీసేసావు కదే" అంది.

మర్నాడు అమ్మ లేవదనుకున్నాను. చీకటుండగానే గోడ అవతలి నుంచి, "బహినీ, ఉఠ్ గే హస్ కా?" అని కాకీ పిలుపు వినబడింది. చెల్లీ, లేచావా అని. అమ్మ దుప్పటి పక్కకు తోసి లేచి వెళ్ళింది. మన నెల కాదుగా అని నేను వెనకాలే వెళ్ళి గొణిగితే, వత్తి సరిచేస్తూ, "దీపానికి ఏ నెలో ఏటి తెలుస్తాదే, నానొచ్చి కూకున్నానో లేదో అదే తెలుస్తాది" అంది. ఆ మాటలో కోపం లేదు. ఈ ఊరొచ్చాక అమ్మ గొంతు అలా వినడం నాకదే మొదలు.

దీపావళి అయింది, మన కార్తీకం వచ్చింది, అమ్మ ఆపకుండా కొనసాగించింది. పున్నమితో కాకీ నెల పూర్తయింది. మర్నాడు అమ్మ ఒక్కతే దీపం వెలిగిస్తుంటే గోడ అవతల స్నానపు బకెట్ చప్పుడైంది. "తోర్ మహీనా తో అభీ బాచే హే" అంది, మా నెల లెక్క నా నోట విన్న కాకీ. నీ నెల ఇంకా మిగిలే ఉందిగా అని. అమ్మ పదిహేను రోజులు ముందొచ్చింది, కాకీ పదిహేను రోజులు అదనంగా ఉండిపోయింది. ఆ తర్వాత అమ్మ గిన్నెలు విసిరేయలేదని అనను గానీ, తగ్గింది. బండివాడితో ఛత్తీస్‌గఢీలోనే దెబ్బలాడడం నేర్చుకుంది. కాకీ తన ఊరికి మారిపోయినా, ఇప్పటికీ ఏటా ఆ మొదటి పదిహేను రోజులూ అభన్‌పూర్ వెళ్ళి ఆవిడ దగ్గరే ఉంటుంది, నిన్ననే తిరిగొచ్చింది.

ఇవాళ జరిగింది అమ్మకు ఫోన్ చేసి చెబుదామనుకున్నాను, చెప్పలేకపోయాను. నా దగ్గర తప్పు క్యాలెండర్ లేదు. తిథీ, ఘడియా, వత్తుల లెక్కా అన్నీ సరైనవే ఉన్నాయి. బాల్కనీకి అవతల ఇంకో బాల్కనీ ఉంది, అందులోనూ ఒక దీపం వెలుగుతుంటుంది, ఆవిడ పేరేమిటో మూడేళ్ళుగా నాకు తెలియదు. ఇన్ని తెలిసినా ఈ సాయంత్రం మా దీపం దగ్గరకు వచ్చి కూర్చున్నది మాత్రం మా పాప ఒక్కతే.