గురువారం ప్రార్థనలో విన్న సీటు

పిల్ల చదువు కోసం అంతర్వేది నుంచి అమలాపురం వచ్చి అద్దెకు దిగినప్పుడు మాకు ఇక్కడ తెలిసిన గుమ్మం ఒక్కటీ లేదు. ఏ బడి మంచిదో, ఎవరి ట్యూషన్లో లెక్కలు బుర్రకెక్కుతాయో, అన్నీ చర్చిలోనే తెలిసేవి. స్త్రీల సమాజానికి గురువారం ఉపవాస ప్రార్థన, ఒక వాట్సాప్ గ్రూపు ఉండేవి. వాక్యం ఎంత పంచుకునేవాళ్లమో స్కూళ్ల కబుర్లూ అంతే.

అందులో నన్ను చేరదీసింది పక్కవీధి వదినగారు. సొంత వదిన కాదు, పిలుపు అంతే. మా అమ్మాయిని ట్యూషన్లో చేర్పించింది ఆవిడే. వాళ్లమ్మాయీ మా అమ్మాయీ ఇద్దరూ ఏడో క్లాసే.

ఒక గురువారం వదినగారు లేచి ప్రార్థన మనవి చెప్పారు.

"కొత్తపేట దగ్గర హాస్టలు స్కూల్లో ఎనిమిదో క్లాసుకి ఒక్క సీటు ఖాళీ అయ్యిందండీ. ఎవరు ముందు చేరితే వాళ్లకేనంట. సోమవారం వెళ్తన్నాం. మా పిల్లకి వచ్చేలా ప్రార్థన చెయ్యండి."

మా దగ్గర మనవంటే ఇలా ఊరూ రోజూ అన్నీ విప్పి చెప్పాలి, లేకపోతే దేవుడికి అడ్రసు దొరకదన్నట్టు. "ఆయ్, తప్పకుండా అండీ" అన్నాం అందరం. నేను కన్నీళ్లతోనే ప్రార్థించాను. అది నటన కాదు.

శుక్రవారం పొద్దున్నే మార్కుల కాగితాలు పట్టుకుని, పిల్లను వెంటబెట్టుకుని ఆ స్కూలుకు వెళ్లాను. సీటు మాకిచ్చేశారు. తిరిగొస్తూ బస్సులో, నా పిల్ల సంగతి నేను చూసుకోకపోతే ఎవరు చూస్తారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సిగ్గు మాత్రం బస్సు దిగేలోపే మొదలైంది.

వదినగారు దెబ్బలాడలేదు. చర్చి గేటు దగ్గర ఆగి, "ఒక్క మాట చెప్పేరు కాదండీ" అన్నారు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఇప్పుడు మా సమాజంలో స్కూళ్ల సంగతి ఎవరూ పైకి అనరు. "మనసులో ఒక మనవి ఉందండీ" అని కూర్చుంటారు. ఊరికి కొత్తగా వచ్చే తల్లులకు దారి చెప్పేవాళ్లు లేరు. ఆ నోళ్లు మూయించింది నేనే.

వాళ్లమ్మాయి పాత బడికే వెళ్తోంది. మొన్న నన్ను చూసి సైకిలాపింది.

"అత్తా, అక్కడ ల్యాబులో పిల్లల చేతే ప్రయోగాలు చేయిస్తారంట, నిజమేనాండీ?"

పోయిన ఆదివారం మా అమ్మాయి ఫోనులో ఆ కబుర్లే ఆపకుండా చెప్పింది.

"లేదమ్మా, అక్కడా మీ బడిలాగే" అన్నాను.