నాంపల్లికి రైల్లో వెళ్లి, మా కార్లో తిరిగొచ్చాం

ఆ శనివారం సాయంత్రం నాలుగింటికి మా కారు అమ్ముడుపోవాలి. అదే రోజు పొద్దున ఆరూ నలభైకి నేనూ మావారూ వికారాబాద్‌లో నాంపల్లి ప్యాసింజరు ఎక్కాం. ఆయన చేతిలో కారు కాగితాలు, నా ఒళ్లో తువాలులో చుట్టిన బడి ల్యాబు థర్మామీటరు. వెళ్తున్నది ఒకే కారు కోసం గానీ, ఒకే పని మీద కాదు.

మేము తెనాలి వైపు వాళ్లం. రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు, యాభై ఏడులో, హైదరాబాదు వచ్చాం. నాకు వికారాబాదు బడిలో సైన్సు టీచరు ఉద్యోగం దొరికాక, మావారు ఒక పాత కారు కొని అక్కణ్నుంచి పట్నానికి కిరాయికి తిప్పడం మొదలుపెట్టారు. తొమ్మిదేళ్లుగా అదే ఆయన బతుకు. పదిహేను రోజుల కింద ఆ కారు నాలుగు మైళ్లు పోతే చాలు, ఆవిర్లు కక్కడం మొదలుపెట్టింది. లారీకి కట్టి లాక్కెళ్లి నాంపల్లిలో మేస్త్రికి చూపిస్తే ఇంజను పోయిందన్నాడు; కారు అతని షెడ్డులోనే ఉండిపోయింది. మొత్తం విప్పి, అరిగిన సిలిండర్లు కొత్తగా బోరు చేయించే తాహతు మాకు లేదు. మావారు ఒక బేరగాడికి మాటిచ్చేశారు.

నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. ఇంజను సలసలా మరుగుతున్నా రేడియేటరు చల్లగా ఉండటం నేను చూశాను. కారుతో వచ్చిన పుస్తకం తీసి మూడుసార్లు చదివాను. ఇంజనుకూ రేడియేటరుకూ మధ్య థర్మోస్టాట్ అని చిన్న ఇత్తడి తలుపు ఉంటుంది. నీళ్లు వేడెక్కగానే అది తనంతట తాను తెరుచుకోవాలి. బిగుసుకుపోతే లక్షణమైన ఇంజను కూడా ఉడికిపోతుంది. ఈ సంగతి చెబితే మావారు, "నీ పాఠాలు పిల్లలకు చెప్పుకో" అన్నారు. నాకు ఒళ్లు మండింది. అమ్మే రోజున నేనూ వస్తానని పట్టుబట్టాను.

శంకర్‌పల్లిలో జామకాయల గంపతో ఒక పెద్దమ్మ ఎక్కి నా పక్కన సర్దుకుంది. తువాలులోంచి తొంగిచూస్తున్న గాజుగొట్టం చూసి, "ఏంది బిడ్డా, దవాఖానకా?" అంది. కారు కోసమని చెప్పాను. "కారుకు గూడ జ్వరం జూస్తరా?" అని నవ్వి, రెండు కాయలు నా చేతిలో పెట్టింది. మావారు కిటికీలోంచి లింగంపల్లి పొలాలు చూస్తూ కూర్చున్నారు.

తొమ్మిదీ ఇరవైకి నాంపల్లిలో దిగాం. స్టేషను ఎదుటి హోటల్లో ఇడ్లీ తిని పది నిమిషాలు నడిస్తే షెడ్డు. నర్సింహ మేస్త్రి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. యాభై దాటిన మనిషి, పని తెలిసినవాడే. నేను ఇంజను స్టార్టు చెయ్యమంటే మావారి ముఖం చూశాడు. ఆయన తలూపారు.

పావుగంటలో ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్రగీత చేరింది. ఇంజనులోంచి రేడియేటరుకు పోయే పై గొట్టం మీద చెయ్యి పెట్టాను. గోరువెచ్చగా కూడా లేదు. మేస్త్రిని కూడా ముట్టుకోమన్నాను.

"ఔ, సల్లగనే ఉంది," అన్నాడు ఆలోచిస్తూ. "నీళ్ల పంపు మంచిగనే తిరుగుతుంది గద."

"అయితే ఆ తలుపు తీసి చూద్దాం," అన్నాను.

ఇంజను చల్లారడానికి ముప్పావుగంట ఆగాం. వేడి మీద విప్పితే ముఖం కాలుతుంది, ఎవరూ తొందరపడకండి. రెండు బోల్టులు విప్పితే ఇత్తడి బిళ్ల బయటికొచ్చింది. షెడ్డులో టీ కాచుకునే గిన్నెలో నీళ్లు పోయించి, బిళ్లనూ థర్మామీటరునూ దారంతో వేలాడదీశాను. ఎనభై రెండు డిగ్రీల దగ్గర తెరుచుకోవాలని దాని అంచు మీదే చెక్కి ఉంది. ఎనభై అయిదు దాటింది, తొంభై దాటింది. నీళ్లు తెర్లుతున్నా తలుపు కదలలేదు.

మేస్త్రి తేలిగ్గా నవ్వాడు. "గింత దానికి ఫికర్ ఎందుకమ్మా? తీసి పారేద్దాం. ఈ షహర్ల సగం బండ్లు గది లేకుంటనే నడుస్తున్నయి."

వేడి దేశమని ఇక్కడందరికీ అదే అలవాటు. డిసెంబరు తెల్లవారుజామున వికారాబాదు చలిలో కిరాయికి పోయే బండికి ఆ పద్ధతి పనికిరాదు. ఇంజను వేడెక్కక పెట్రోలు తాగుతుంది, త్వరగా అరుగుతుంది. కొత్తది వెయ్యాల్సిందేనన్నాను. మావారు చొక్కా సర్దుకుని నా వెంట నడిచారు.

పన్నెండింటికి ఆబిడ్స్‌లో విడిభాగాల దుకాణం చేరాం. యజమాని అరలు వెతికి దుమ్ము పట్టిన డబ్బా ఒకటి దించాడు. కొనేముందు వేడినీళ్లలో చూడాలన్నాను. ఆయనకు చిన్నతనమైంది. "ఇరవై ఏండ్ల సంది దుకాణం నడుపుతున్న. డబ్బా గూడ తెరవని మాలు, జర నమ్మున్రి అమ్మా," అన్నాడు. నమ్మకం వేరు, నీళ్లు వేరు అన్నాను. చివరికి డబ్బా పట్టుకుని ఆయనే పక్కనున్న ఇరానీ హోటలుకు దారితీశాడు. వంటాయన మాకో గిన్నె ఇచ్చాడు. టీ తాగేవాళ్లు చుట్టూ మూగారు. నేను దారం పట్టుకుంటే, ఎవరూ అడగకుండానే మావారు వంగి డిగ్రీలు చదవడం మొదలుపెట్టారు.

"ఎనభై... ఎనభై నాలుగు... తొంభై." కొత్తది కూడా తెరుచుకోలేదు.

దుకాణం ఆయన వెళ్లి ఇంకో డబ్బా తెచ్చాడు. ఈసారి మావారు ఎనభై ఒకటి అంటుండగా తలుపు వెంట్రుకవాసి కదిలింది, ఎనభై అయిదుకు బాగా విచ్చుకుంది. బయటికి తీస్తే మెల్లగా మూసుకుంది. "ఇక్కడ దుకాణం పెట్టుకోమ్మా, నేను ఇంటికి పోత," అన్నాడాయన. అందరూ నవ్వారు. మావారు కూడా నవ్వారు, పదిహేను రోజుల తర్వాత.

రెండింటికి మళ్లీ షెడ్డు. మేస్త్రి నీళ్లు కారకుండా అట్ట కత్తిరించి అతుకు వేసి, కొత్తది బిగించి, నీళ్లు నింపాడు. మూడుంబావుకు స్టార్టు చేశాం. అరగంట నడిపినా ముల్లు మధ్యగీత దాటలేదు. మేస్త్రి పై గొట్టం పట్టుకుని చటుక్కున చెయ్యి లాక్కున్నాడు. "కాలింది," అన్నాడు, చాలా సంతోషంగా.

నాలుగింటికి బేరగాడు వచ్చాడు. మావారు కాగితాలు జేబులోంచి తియ్యలేదు. "మన్నించండి, అమ్మడం లేదు," అని చెప్పేశారు.

నాలుగున్నరకు బయల్దేరి మెహదీపట్నం దాటాం. మొయినాబాద్ దగ్గర చిన్న మిట్ట ఎక్కుతున్నప్పుడు నేను ముల్లునే చూశాను, ఆయనా అదే చూశారు. నాకైతే గుండెల నిండా గర్వం. ఇలాంటి పని మీద నాంపల్లి వెళ్లేవాళ్లకు నేను చెప్పేదొకటే, థర్మామీటరు వెంట తీసుకెళ్లండి.

చేవెళ్ల ఇంకా రెండు మైళ్లుందనగా రోడ్డు పక్కన ఒక కారు ఆవిర్లు కక్కుతూ ఆగి ఉంది. మావారు మా కారు ఆపి దిగారు. ఆ డ్రైవరు నెత్తిన చేతులు పెట్టుకుని, "ఇంజన్ పోయినట్టుంది సార్," అన్నాడు.

"కంగారు పడకు తమ్ముడూ," అన్నారు మావారు. "మా ఆవిడ కార్లో ఉంది. చూస్తుంది."

కారు దక్కించుకోవడానికే పొద్దున రైలెక్కానని అనుకున్నాను. ఈ మాట వినడానికి కూడా ఎక్కానని అప్పుడు తెలిసింది. కొంగు నడుముకు దోపుకుని దిగాను.