రేడియోకు దూప

తొర్రూరులో వరంగల్ బస్సెక్కినప్పుడు నా ఒళ్లో మా బాపు కొన్న పాత వాల్వుల రేడియో ఉంది. ఆ ఎండాకాలం అది క్రికెట్ కామెంటరీని గరగరలో ముంచేస్తోంది. పెద్ద వాల్వు వేయించాలా, దీన్ని ఇచ్చేసి కొత్తది తెచ్చుకోవాలా అన్నది నాకు తేలలేదు. ఇచ్చేయడం ఇష్టంలేక, నేను బయల్దేరుతుంటే బాపు ముఖం తిప్పుకున్నాడు.

పక్క సీట్లో నడివయసు మనిషి. ఒళ్లో గుడ్డసంచీ. కాసేపు రేడియోనే చూశాడు.

“దీని ఎర్తు తీగ భూమిల యాడ పాతిన్రు తమ్మీ?”

“పెరట్ల, తానం జేసే బండల పక్కకు, అన్నా.”

“తానం నీళ్లు ఇంకా గటే పోతున్నయా?”

“లేదు. మొన్న చలికాలం కొత్త తానాలగది కట్టినం. నీళ్లు ఇంకో దిక్కు పోతున్నయి.”

ఆయన నవ్వి రేడియో మీద చెయ్యి వేశాడు.

“గిది మంచిగనే ఉంది. ఆడ మన్ను ఎండింది, గంతే. రోజు బకెటు నీళ్లు పొయ్. ఇంటికి పో.”

నాకు దారివ్వడానికి ఆయన సంచీ జరిపితే లోపల వాల్వులు, స్క్రూడ్రైవర్లు కనిపించాయి. నాలాంటి వాళ్ల రేడియోలు విప్పడమే ఆయన బతుకుతెరువు. పేరైనా అడక్కుండా దిగిపోయాను.

సాయంత్రానికి కామెంటరీ సాఫుగా వినిపించింది. బాపు మంచాన్ని రేడియో దగ్గరికి జరుపుకున్నాడు. బాపు పోయాక కూడా, ప్రతి ఎండాకాలం ఆ మన్ను దాహం తీర్చడానికి బకెట్ పట్టుకుని పెరట్లోకి వెళ్లేవాణ్ణి.

“చెట్టు లేని కాడ నీళ్లెందుకు బిడ్డా?” అనేది అవ్వ.

“రేడియోకు దూపైతుందే అవ్వా.”